చుట్టాలదీవిలో మూడు చీమలు

నడిసముద్రంలో నల్లరాతి గుట్ట. గుట్ట నెత్తిన పగడపు స్తంభాల మండపం. ప్రతి స్తంభానికీ వెండితీగల అల్లిక, అల్లిక నిండా నీలాలు, పైన పచ్చలు పొదిగిన కప్పు. నేలమీది చలువరాళ్లు ఎంత నునుపంటే, అడుగు పెట్టినవాడి మొహం వాడికే కిందనుంచి ఎదురొస్తుంది. మిట్టమధ్యాహ్నపు ఎండ కప్పులోని పచ్చల్లోంచి దిగి, కూర్చున్నవాళ్లందరికీ ఆకుపసరు పూసినట్టు రంగు పులుముతోంది. ఇంత సొగసూ ఏ దేవుడి కోసమో అనుకునేరు! ఒక జూదగాడి కోసం.

ముత్యాల బేహారి వేషంలో మెట్లెక్కి వచ్చిన శరభాంకుడికి ముందుగా వినపడింది పలకరింపుల హోరు.

"అల్లుడూ, కాస్త మజ్జిగ పుచ్చుకోవయ్యా!"

"బావా, ఎండ మొహాన కొడుతోంది, ఇటు జరుగు!"

"బాబాయ్! బాబాయ్! నన్ను చూడు బాబాయ్!"

బాబాయ్ అని పిలిచినవాడికి గడ్డం బొడ్డుదాకా నెరిసి ఉంది. పిలిపించుకున్నవాడికి ముప్పయ్యేళ్లు కూడా ఉండవు. పులితోలు మీద కాళ్లు బారచాపుకుని, ఎర్ర పట్టుబట్టలో, పక్కవాడి చేతిలోని బత్తాయి లాక్కుని తింటున్న ఆ మనిషే చండకేతు. వాడి చుట్టూ వందలమంది చుట్టాలు. వాళ్లలో సగంమంది చేతుల్లో బల్లేలు.

ఈ దీవిలో బంగారానికి విలువ లేదు. ఇక్కడ పందెం కాసేది చుట్టరికాన్ని. నువ్వు నీ మేనమామని పందెం పెట్టి ఓడిపోయావనుకో, ఆ క్షణం నుంచి ఆయనకి నువ్వెవరో తెలియదు. నిన్నే కాదు, నీ ఇంటిల్లిపాదినీ మరిచిపోతాడు. గెలిచినవాడు ఏ వరసపెట్టి మొదట పిలిస్తే ఆ వరసన వాడికి చుట్టమైపోతాడు. సొంతవాళ్లే తిరిగి గెలిచి పాత వరసన పిలిస్తే మాత్రం మరిచిందంతా మళ్లీ గుర్తొస్తుంది. చండకేతు రాజ్యాలు జయించింది ఇలాగే. ఏ రాజు దండెత్తి వచ్చినా, తీరా చూస్తే ఆ రాజు సేనాపతి అప్పటికే వీడికి తోడల్లుడై ఉంటాడు. తోడల్లుడి మీద కత్తి ఎవడు దూస్తాడు? ఓడలు దిగినవాళ్లు భోజనాలు చేసి వెళ్లిపోయేవాళ్లు.

శరభాంకుడు ఇదంతా విని వచ్చినవాడే. విన్నది వేరు, కళ్లతో చూడటం వేరు. చండకేతు వెనక వింజామర విసురుతూ నిలబడ్డ ఆవిణ్ణి చూడగానే అడుగు ఆపేశాడు.

ఆవిడ కువలయదేవి. కేతకీపురం మహారాణి. అతని తల్లి.

అతను ఇంకా మీసం రాని వయసులో ఉన్నప్పుడు, అతని తండ్రి ఈ మండపంలోనే ఆవిణ్ణి ఒడ్డి ఓడిపోయాడు. ఆరోజు వాకిట్లో ముగ్గు వేస్తున్నావిడ ముగ్గుపిండి కింద పడేసి, కొడుకు చెయ్యి పట్టుకుని లాగుతున్నా వినకుండా, ఎవరో పరాయి పిల్లవాణ్ణి చూసినట్టు చూసి ఓడ ఎక్కి వచ్చేసింది.

"ఏం బాబూ, ముత్యాలు తెచ్చావా?" అంది ఆవిడ ఇప్పుడు, నవ్వుతూ. "మా అబ్బాయికి మంచివి చూపించు."

మా అబ్బాయి! శరభాంకుడు ముత్యాల సంచి విప్పడం మరిచి ఆవిణ్ణే చూశాడు. వెనకనుంచి గవరమ్మ నడుం మీద గట్టిగా గిల్లింది.

గవరమ్మ అతని తల్లికి వరసకి చెల్లెలు, అతనికి పిన్ని. రేవుపట్నాల్లో ముక్కలాట ఆడి పేరు మోసిన మనిషి. అన్నం పెట్టినంత తేలిగ్గా ఎదుటివాడి చేతిలో ముక్కలేమిటో చెప్పేస్తుంది. దారిపొడుగునా ఓడలో అతనికి ఆమె నేర్పింది ఒకటే పాఠం.

"చూడు నాయనా, వాడు ముక్కలు చూసి ఆడడు. ఎదుటివాడి మొహం చూసి ఆడతాడు. మంచి ముక్క పడ్డా పందెం పెంచుతాడు, చెత్త పడ్డా పెంచుతాడు. అందరూ హడలిపోయి ముక్కలు దించేసి ఓటమి ఒప్పుకుంటారు. వాడి ముక్కలు చూసినవాడు ఇప్పటిదాకా ఎవడూ లేడు. అందుకని వాణ్ణి బెదిరించాలని చూడకు. బెదిరేవాడైతే గదా! చేతిలో ఏమీ లేకపోతే చిన్న చుట్టాన్ని వదిలేసి దించెయ్. మంచి ముక్క పడిందా, నోరు మూసుకుని కూర్చో. పెంచకు. ఊరికే 'నిలుస్తా' అను, అంతే. పెంచే పనంతా వాడిచేతే చేయించు."

"మరి అమ్మని ఎప్పుడు అడగను పిన్నీ?"

"అడిగావో, చచ్చామే! అడిగితే ఒడ్డడు. నువ్వు కదలకుండా కూర్చుంటే వాడికి పిచ్చెక్కి వాడంతట వాడే మీ అమ్మని తెచ్చి ముందర పెడతాడు. అంతవరకూ ఓపిక పట్టు."

ఓపిక పట్టడానికే వచ్చి పులితోలుకి ఎదురుగా చాప మీద కూర్చున్నాడు శరభాంకుడు.

ముక్కలు పంచేది ఒంటవ్వ. ఈ లోకంలో ఆవిడకి ఒక్క చుట్టం కూడా లేదు. అందుకే ఆ పనికి పెట్టారు. ఆవిడ ముందర కంచు గంగాళం, దాని నిండా నీళ్లు. పందెం పెట్టిన మనిషి పేరూ ఊరూ చెబితే ఆ నీళ్లలో ఆ మనిషి కనపడతాడు. అబద్ధం చెబితే నీళ్లు నల్లబడతాయి. ఆవిడ నెరసిన జుట్టు ముడేసుకుంటూ ఆట చెప్పింది.

"మనిషికి మూడు ముక్కలు. చీమ అన్నిటికన్నా చిన్నది. తర్వాత కప్ప, కుందేలు, గుర్రం, ఏనుగు. అన్నిటికన్నా పెద్దది సింహం. కానీ ఒకటే బొమ్మ మూడు ముక్కల మీదా పడిందంటే, అది చీమైనా సరే, విడి సింహాల్ని మింగేస్తుంది. నిలుస్తావా, పెంచుతావా, దించేస్తావా, మీ ఇష్టం. నిలవాలంటే ఎదుటివాడు పెంచినందుకు సాటిగా ఇంకో చుట్టాన్ని పెట్టాలి. దించేస్తే ఒడ్డిన మనిషి పోతాడు. నోట్లోంచి మాట వచ్చిందంటే వచ్చినట్టే, నా దగ్గర వెనక్కి తీసుకోవడాల్లేవు."

"ఆ సోదంతా ఎందుకవ్వా, పంచు!" అని అరిచాడు చండకేతు.

దంతపు ముక్కలు చేతికొచ్చాయి. శరభాంకుడు ఓరగా తిప్పి చూశాడు. కప్ప, చీమ, గుర్రం. దేనికీ పనికిరావు. వేలువిడిచిన మేనమామని ఒడ్డాడు. చండకేతు ముక్కలు కింద పెట్టనన్నా పెట్టలేదు, "పెంచుతున్నా! మా పెద్ద బావగారు!" అని తొడ చరిచాడు. శరభాంకుడు దించేశాడు.

"మామా!" అని పిలిచాడు చండకేతు. గంగాళంలో నీళ్లు కదిలాయి. ఎక్కడో కేతకీపురం సంతలో, దోసకాయలు బేరమాడుతున్న మేనమామ ఉన్నట్టుండి తల ఎత్తాడు. చేతిలో సంచీ వదిలేశాడు. "మా అల్లుడు ఎదురుచూస్తుంటాడు" అని ఎవరితోనో అని, రేవు వైపు నడవడం మొదలెట్టాడు. చిన్నప్పుడు శరభాంకుణ్ణి భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి!

"ఊఁ, ఇంకా ఎవరున్నారు మీ ఇంట్లో?" అన్నాడు చండకేతు, బత్తాయి గింజ ఉమ్మేస్తూ.

రెండో ఆటకి పినతండ్రి తోడల్లుడు పోయాడు. మూడో ఆటకి మేనత్త తోడికోడలి కొడుకు. ఒక ఆటలో శరభాంకుడికి రెండు ఏనుగులు పడ్డాయి, నిలిచాడు. చండకేతు పెంచి, పెంచి, మళ్లీ పెంచి, చివరికి గుడ్లురిమి నవ్వేసరికి, రెండు ఏనుగులు చాలవేమోనని అనుమానం పుట్టి అదీ దించేశాడు. ముక్కలు తిరగేసి ఉన్నాయి గనక వాడి దగ్గర ఏముందో తెలియనే లేదు. అదే వాడి బలం. గంగాళంలో ఒక్కొక్కరే పని మధ్యలో వదిలేసి లేచి వెళ్లిపోతుంటే చూస్తూ కూర్చోవడం ఎంత నరకమో కూర్చున్నవాడికే తెలుసు.

"పోతే పోనీ," అని చెవిలో గొణిగింది గవరమ్మ. "దూరపు చుట్టాలేగా. వాడు ఇంకా వేడెక్కాలి."

శరభాంకుడు ఆ ఓపిక అలాగే పట్టి ఉంటే బాగుండేది. ఇంతలో కువలయదేవి వెండిగిన్నెలో పెరుగన్నం కలుపుకొచ్చింది. చండకేతు చేతులు ముక్కలతో నిండి ఉన్నాయని, తనే ముద్ద చేసి వాడి నోటికి అందించింది. మూతికి అంటిన పెరుగు కొంగుతో తుడిచింది. తుడుస్తూ తల నిమిరింది.

శరభాంకుడి కళ్లు మండిపోయాయి. చేతిలో ఉన్నది చీమ, చీమ, కుందేలు. అయినా ఒళ్లు తెలియకుండా చాప మీద గుద్దాడు.

"పెంచుతున్నా!"

"ఏమిట్రా నువ్వు పెంచేది?" గవరమ్మ గాభరాగా చెయ్యి పట్టుకుంది. "ఏం పడిందని?"

"ఎవర్ని పెడతావు?" అంది ఒంటవ్వ.

దగ్గరివాళ్లని చెబితే వాడు హడలిపోతాడనుకున్నాడు. "గవరమ్మ. మా పిన్ని. ఇదిగో, ఇక్కడే ఉంది."

పక్కన కూర్చున్న మనిషినే ఒడ్డినవాణ్ణి ఆ దీవిలో ఎవరూ చూసి ఉండరు. చండకేతు ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"భేష్! అయితే నావి ఇద్దరు మేనత్తలు, ఒక తాతగారు, మా నాలుగో మరదలు! ఇంకా పెంచమంటావా?"

అప్పుడు గానీ శరభాంకుడికి తెలివి రాలేదు. ఏ బుద్ధి తక్కువ పని చెయ్యొద్దని పిన్ని ఓడంతా మొత్తుకుందో సరిగ్గా అదే చేసి కూర్చున్నాడు. ఇంకా నిలవాలంటే మిగిలిన దగ్గరివాళ్లనీ పెట్టాలి, చేతిలో ఉన్నవి రెండు చీమలు. ముక్కలు దించేశాడు.

"పిన్నీ!" అని పిలిచాడు చండకేతు, ముద్దుముద్దుగా.

గవరమ్మ అతని చెయ్యి వదిలేసింది. లేచి నిలబడింది. చీర కుచ్చిళ్లు సర్దుకుని, శరభాంకుడి మొహంలోకి ఒకసారి చూసి, దారిన పోయేవాణ్ణి చూసినట్టు చూపు తిప్పుకుని, అవతలివైపు వెళ్లి చండకేతు పక్కన కూర్చుంది. కూర్చుని, వాడి చెవి దగ్గరికి వంగింది.

"నాయనా, ఈ బేహారితో జాగ్రత్త. పడవలో కనపడి ఆట నేర్పమంటే నేర్పాను. ఇందాక పెంచాడు చూడు, అప్పుడు వాడి దగ్గర ఏమీ లేదు. వాడు ఊరికే 'నిలుస్తా' అన్నప్పుడే భయపడాలి. అప్పుడు మాత్రం నువ్వు పెంచకు."

నేర్పిన నోటితోనే ఆమె అతని గుట్టంతా విప్పి శత్రువు ఒళ్లో పోస్తోంది! అయిపోయింది, అంతా అయిపోయింది అనుకున్నాడు శరభాంకుడు. లేచి పారిపోదామా అని కూడా అనిపించింది. అబద్ధమెందుకు, ఆ క్షణంలో అమ్మ కూడా గుర్తు లేదతనికి.

చండకేతు పగలబడి నవ్వాడు. "ఊరుకునేవాడికి నేను భయపడాలా? పిరికివాళ్లే పిన్నీ ఊరుకునేది! ఎన్ని వందలమంది ఊరుకుని దించేశారో ఇక్కడ అడుగు!"

ఆ మాట వినగానే శరభాంకుడికి ప్రాణం లేచొచ్చింది. వీడికి ఎవరు చెప్పినా ఎక్కదు. గుట్టు బయటపడ్డా, వీడు వీడే.

"పంచవ్వా," అన్నాడు మెల్లగా.

మూడు ముక్కలు వచ్చాయి. మొదటిది తిప్పాడు. చీమ. రెండోది, మళ్లీ చీమే. మూడోది తిప్పబోయి ఆగాడు. బొటనవేలితో అంచు ఎత్తాడు.

చీమ.

మొహం కదలనివ్వలేదు. మిగిలిన వాళ్లలో చిన్న చుట్టాన్ని, ముత్తవ్వ చెల్లెలి మనవణ్ణి, మెల్లగా ముందుకు తోశాడు.

"పెంచుతున్నా!" అన్నాడు చండకేతు. "మా బావగారు!"

"నిలుస్తా," అన్నాడు శరభాంకుడు, మేనత్తని పెట్టి.

"పెంచుతున్నా! మా మామగారు, ఆయన ఏడుగురు కొడుకులు!"

"నిలుస్తా." బాబాయిలందరూ పోయారు పందెంలోకి.

గవరమ్మ ముందుకు వంగింది. "నాయనా, చెప్పానా! వాడు నిలుస్తున్నాడు. దించెయ్. చిన్న నష్టంతో పోతుంది."

"నేను దించడమా!" చండకేతు మెడ నరాలు ఉబ్బాయి. చుట్టూ ఉన్న వందలమందీ మెడలు చాచి చూస్తున్నారు. "పుట్టాక ఇంతవరకూ దించలేదు నేను! ఒరే బేహారీ, ఇంకెవడున్నాడ్రా నీకు? ఈ మండపంలో ఉన్న నా బావమరుదులంతా పందెం! పెట్టు, ఎవణ్ణి పెడతావో!"

పెట్టడానికి ఇక మిగిలింది ఒక్కరే. తల్లిని ఓడిన తండ్రి మీద అతనికి ఎంత కోపం ఉన్నా, ఎండుటాకులా ముడుచుకుపోయి మంచానపడ్డ ఆ ముసలాయన, ఇవాళ పొద్దున కూడా 'మా అబ్బాయి వస్తాడు' అని ఎదురుచూస్తూ ఉంటాడు.

"మా నాన్న," అన్నాడు. "కేతకీపురం మహారాజు అరిందముడు."

గంగాళంలో నీళ్లు నల్లబడలేదు. మంచం మీద ముసలి రాజు కనిపించాడు.

చండకేతు చేతిలోంచి బత్తాయి జారిపోయింది. నవ్వు ఎవరో తుడిచేసినట్టు మాయమైంది. వాడు గంగాళంలోకి తొంగిచూశాడు. చాలాసేపు చూశాడు. తర్వాత తలెత్తి శరభాంకుణ్ణి చూశాడు.

"నువ్వు ఆయన కొడుకువా?"

"అవును."

"ఆయన్నే ఒడ్డుతున్నావా?" వాడి గొంతు పిచ్చివాడి గొంతులా మారిపోయింది. "ఆయన్నా! ఆ ఇంట్లో అందరికీ ఇదే పనా! అయితే చూడు! నువ్వెంత గట్టివాడివో నేనూ చూస్తాను! పెంచుతున్నా! మా అమ్మ!"

వింజామర ఆగిపోయింది. మండపంలో గుసగుసలు మొదలయ్యాయి. చండకేతు తన తల్లి పేరు ఎత్తిన ప్రతిసారీ ఎదుటివాడు దించేస్తాడని అందరికీ తెలుసు. అది వాడి ఆఖరి బల్లెం. ఎన్నిసార్లు విసిరాడో, ఒక్కసారీ ఎవరూ ఎదురు నిలవలేదు.

"నిలుస్తా," అన్నాడు శరభాంకుడు. "నిలవడానికి నన్ను నేనే ఒడ్డుతున్నా. ముక్కలు తిప్పు."

ఆ మాట చండకేతు చెవుల్లో పడలేదో, పడినా అర్థం కాలేదో. ముక్కలు తిప్పమని ఇంతవరకూ వాణ్ణి ఎవరూ అడగలేదు. ఒంటవ్వే వంగి ఒక్కొక్కటీ తిప్పింది.

కప్ప. కుందేలు. గుర్రం.

"ఇంతేనా?" అని ఎవరో పైకే అనేశారు. ఇన్నేళ్లుగా రాజ్యాల్ని గజగజలాడించిన చేతిలో ఉన్నది ఇంతేనా! నెరిసిన గడ్డం తాత నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉండిపోయాడు.

శరభాంకుడు తన మూడు చీమలూ వరసగా పరిచాడు. పరిచి, లేచి, ఎప్పుడో మీసం రాని రోజుల్లో పిలిచిన పిలుపు పిలిచాడు.

"అమ్మా!"

కువలయదేవి చేతిలో వింజామర నేల మీద పడింది. "శరభా!" అని ఒక్క పరుగున వచ్చి అతని మొహం రెండు చేతుల్లోకి తీసుకుంది. "ఎంత పెద్దవాడివయ్యావురా! మీసాలు ఎప్పుడొచ్చాయిరా నీకు! ఇంత నల్లబడ్డావేం? అన్నం తింటున్నావా లేదా?" అని నవ్వుతూ ఏడుస్తూ ప్రశ్న మీద ప్రశ్న. శరభాంకుడు సమాధానం చెప్పలేక ఆవిడ భుజం మీద తల పెట్టి చిన్నపిల్లాడిలా వెక్కాడు. పక్కనుంచి గవరమ్మ అయోమయంగా చూస్తోంది. పిన్నిని తిరిగి గెలవలేదని అప్పుడు గుర్తొచ్చింది అతనికి.

బల్లేలు లేచాయి. "మా వాడి తల్లిని లాక్కుంటాడా!" అని, పందెంలోకి పోని చుట్టాలు నాలుగువైపులా చుట్టుముట్టారు. కువలయదేవి కొడుక్కి అడ్డంగా నిలబడింది. నిలబడి, ఎదురుగా పులితోలు మీద కూర్చున్న మనిషిని చూసి ఆశ్చర్యపోయింది.

"ఎవర్రా ఈ అబ్బాయి? అలా ఏడుస్తున్నాడేం పాపం?"

చండకేతు నిజంగానే ఏడుస్తున్నాడు. చెంపల మీదుగా నీళ్లు కారిపోతుంటే తుడుచుకోవాలని కూడా తోచక, చెయ్యి ఎత్తి బల్లేల్ని ఆపాడు. "వదిలెయ్యండి. పోనివ్వండి. ధర్మంగానే గెలిచాడు."

"ఏం, మా అమ్మని దొంగిలించుకుని, ఇప్పుడు ధర్మం గుర్తొచ్చిందా?" అని ఎగిరాడు శరభాంకుడు.

అప్పుడు ఒంటవ్వ నోరు విప్పింది. ఆటకి సంబంధం లేని మాట ఆవిడ మాట్లాడటం ఎవరూ ఎరగరు.

"దొంగిలించలేదు నాయనా. మీ నాన్న ఈ మండపానికి రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి వచ్చినప్పుడు నువ్వింకా పుట్టలేదు. అప్పుడు ఈ దీవిని ఏలే మాంత్రికుడితో ఆడాడు. ఆ ముసలి మాంత్రికుడు పెంచాడు, మీ నాన్న నిలిచాడు. ఉయ్యాల్లో ఉన్న పెద్దకొడుకుని ఒడ్డి నిలిచాడు. ఓడిపోయి, పిల్లాడు జ్వరంతో పోయాడని మీ అమ్మకి చెప్పుకున్నాడు. ముక్కలు పంచింది నేనే." ఆవిడ చండకేతు వైపు చూసింది. "పెరిగి పెద్దయ్యాక వీడికి నేనే చెప్పాను. వీడు ఈ ఆటంతా నేర్చుకున్నది, కన్నతల్లిని గెలుచుకుందామని."

శరభాంకుడు తల్లి మొహం చూశాడు, చండకేతు మొహం చూశాడు. అదే ముక్కు. అదే గడ్డం కింద నొక్కు. ఇంతసేపూ ఎదురుగా కూర్చుని, వాడి మొహాన్ని పట్టి పట్టి చూసి కూడా ఇది చూడలేదు! తన తల్లిని ఎవరో లాక్కున్నారని ఇన్నేళ్లు కుమిలిపోయి, ఇవాళ అదే పని తను ఇంకొకడికి చేశాడు. పైగా అన్నకి.

"నేను నీ మీద కోపంతో పెట్టాను," అన్నాడు చండకేతు బొంగురుగా. "ఆయన పేరు వినేసరికి ఒళ్లు తెలియలేదు. నువ్వు దించేస్తావనుకున్నా. అందరూ దించేస్తారు."

కువలయదేవి ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. పందెంలో పోయిన క్షణమే చండకేతుని మరిచిపోయింది గనక, ఏం జరుగుతోందో ఆవిడకి ఒక్క ముక్క అర్థం కావడం లేదు. పెద్దకొడుకు పోయాడన్న పాత దుఃఖం మాత్రం ఆ మాట వినగానే మళ్లీ తగిలిందేమో, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రేవులో ఓడ సిద్ధంగా ఉంది. తల్లి చెయ్యి పట్టుకుని మెట్లు దిగిపోతే సరి. శరభాంకుడు రెండడుగులు వేశాడు కూడా. వేసి, వెనక్కి తిరిగాడు. వచ్చి చాప మీద మళ్లీ కూర్చున్నాడు.

"ఒక ఆట ఆడదాం. నిన్ను నువ్వు ఒడ్డు."

"ఏమిటి?"

"నిన్ను నువ్వు ఒడ్డి, ముక్కలు చూడకుండా దించెయ్. ఓడిపోతే మా ఇంటివాడివవుతావు. నేను 'అన్నా' అని పిలుస్తాను. అప్పుడు అమ్మకి ఇద్దరం ఉంటాం. ఒక్కసారి దించడం చేతకాదా నీకు?"

చండకేతు తల ఊపి, "చేతనవుతుంది" అన్నాడు. "ఎందుకు కాదు? దించేస్తాను. పంచవ్వా."

"ఎదురు పందెం లేకుండా పంచను," అంది ఒంటవ్వ. "గెలిచి మళ్లీ కూర్చున్నవాడు, ఆఖరున గెలిచిన మనిషినే ఒడ్డాలి. అదీ ఇక్కడి ఆచారం."

శరభాంకుడు తల్లి వైపు చూడకుండా తల ఊపాడు. వాడు దించేస్తానన్నాడుగా. ఒక్క మాట. ఒక్క మాట అంటే అయిపోతుంది.

ముక్కలు పంచింది ఒంటవ్వ. రెండు కుప్పలూ తిరగేసినవి తిరగేసినట్టే ఉన్నాయి. ఓడినవాడిదే మొదటి మాట. కువలయదేవి శరభాంకుడి భుజం మీద చెయ్యి వేసి నిలబడింది. బల్లేలు పట్టుకున్నవాళ్లంతా వంగి చూస్తున్నారు.

చండకేతు కళ్లు మూసుకున్నాడు. గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాడు. నోరు తెరిచాడు.

"పెంచుతున్నా!"

తనే అన్నానని తెలిసి చండకేతే ఉలిక్కిపడ్డాడు. రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకున్నాడు. "లేదు, లేదు! అవ్వా, అది కాదు! నోటికి అలవాటైపోయి..." అంటూ పులితోలు మీంచి లేచి గంగాళం దాకా పాక్కుంటూ వచ్చి, ఒంటవ్వ కాళ్లు పట్టుకున్నాడు. ఒంటవ్వ కళ్ల నిండా నీళ్లున్నాయి గానీ, గొంతు మాత్రం ఎప్పటిలాగే ఉంది.

"పెద్దాడు పెంచాడు. చిన్నాడా, నిలుస్తావా? దించేసి మీ అమ్మని వదులుకుంటావా?"

శరభాంకుడు ఇంకా తన ముక్కలు తిప్పి చూడనే లేదు.